తూము కింద తేటనీళ్లు

జూలై 9

ఉదయం మబ్బు, వాన లేదు. తూము తలుపు ఎత్తే మరకడ్డీకి గ్రీజు పూశాను. పాత గ్రీజు మట్టితో కలిసి గడ్డకట్టింది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక కొత్తది పట్టించాను. చక్రం ఇప్పుడు ఒంటిచేత్తో తిరుగుతోంది. కాలువ నీటిమట్టం గేజి మీద నాలుగడుగుల రెండంగుళాలు.

ఆఫీసు నుంచి ఫోను. పెద్దకాలువ పారుతూనే ఉంటుంది గానీ మన పిల్లకాలువకు వంతు అయిపోయింది, తలుపు దించు లస్కరూ అన్నారు. మళ్లీ వంతు ఎప్పుడో చెప్పలేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం పాలాయన వెళుతూ వెళుతూ, మీ మేనకోడలికి జ్వరమటగా అన్నాడు. నాకు తెలియదని చెప్పడం ఇష్టం లేక అవునన్నాను.

జూలై 10

తలుపు దించాను. దించాక అంచుల వెంట గోనెపీచు, బంకమట్టి కూరాలి, లేకపోతే కారుతుంది. కుడివైపు కూరాను. అడుగున కూరాను. ఎడమ మూల వదిలేశాను.

ఎప్పుడూ వదిలేస్తాను. ఆ మూల నుంచి చిటికెనవేలంత ధార పడుతుంది. గట్టు కిందికి జారి, ఎప్పుడో గట్టు పోయడానికి మట్టి తవ్విన గోతిలో నిలుస్తుంది. ఆ గోతిని ఆనుకునే చెల్లెలి మడి. వంతు లేని రోజుల్లో అది గోతిలో కుండ ముంచి ఆకుకూరలకు పోసుకుంటుంది, వారానికోసారి సంతలో అమ్ముకుంటుంది. తల్లీబిడ్డలు బతికేది దాని మీదే.

మా ఇంటి నుంచి ఏదీ తీసుకోదు. మూడేళ్ల కిందట మొగుణ్ణి వదిలి పిల్లతో వచ్చినప్పుడు మా ఇంట్లోనే దిగింది. ఒకరోజు పొయ్యి దగ్గర మా ఆవిడ, ఇద్దరికి వండిన చెయ్యి, కొలత కుదరడం లేదు అంది. ఉప్పు గురించి అన్నానంటుంది మా ఆవిడ. చెల్లెలు ఆ సాయంత్రమే పెట్టె తీసుకుని, గట్టు కింద మా నాన్న పార, పలుగు పెట్టుకునే రేకుల గదిలోకి వెళ్లిపోయింది. అప్పటినుంచి వదినామరదళ్లకు మాటల్లేవు. నాతో మాట్లాడుతుంది. ఎండ గురించి, వాన గురించి.

గోతిలో నీళ్లు మాత్రం ఎవరూ ఇచ్చినవి కావని, గట్టు ఊట అని అనుకుంటోంది. అనుకోనీ.

జూలై 11

పిల్లని చూడటానికి వెళ్లాను. ఒక్కచోట నిలవదని దానికి పిచిక అని పేరు. అలాంటిది మూడు దుప్పట్ల కింద వణుకుతోంది. దానితోపాటు మంచం కూడా కిర్రుకిర్రుమంటోంది.

"మావయ్యా, నా పళ్లు వాటంతటవే మాట్లాడుకుంటున్నాయి," అంది.

ఏమంటున్నాయి అని అడిగాను.

"నీ గురించే."

బిస్కెట్ల పొట్లం పట్టుకెళ్లాను. చెల్లెలు దాని వంక చూడనైనా చూడకుండా, చూశావుగా, ఇక వెళ్లు, ఎండెక్కుతోంది అంది. పొట్లం నా చేతిలోనే తిరిగొచ్చింది. మా ఆవిడ ఏమీ అడగకుండా విప్పి డబ్బాలో పోసింది.

జూలై 12

గేజి నాలుగడుగులు. పిల్లకు జ్వరం లేదు. గట్టెక్కి నా కిటికీ మీద గులకరాయి విసిరి పారిపోయింది. తిట్టాను. ప్రాణం తేలికపడింది.

జూలై 13

మళ్లీ వణుకు. మొన్నటిలాగే, ఎండెక్కే వేళకే.

జూలై 14

లేదు.

జూలై 15

ఉంది. చెల్లెలు కొట్లోంచి బిళ్లలు తెచ్చి వేసింది. చెమట పట్టి దిగిపోయిందట. ఈ జ్వరం ఎవరో పంపినట్టు రోజు విడిచి రోజు వస్తోంది. నాకు కూర్చోబుద్ధి కావడం లేదు. తలుపు దగ్గరికి వెళ్లి కూరిన పీచు గట్టిగా ఉందో లేదో చూసి వచ్చాను. గట్టిగానే ఉంది. మళ్లీ వెళ్లి చూశాను.

జూలై 17

జ్వరం పిచిక ఒక్కదానికే కాదు. వడ్రంగి ఇంట్లో ఇద్దరికి, టీకొట్టు ఆయనకు కూడా. పొద్దున టీకొట్టు మూసి ఉంటే అందరం దాని ముందే నిలబడి మాట్లాడుకున్నాం. దోమల వల్లే అన్నారు. దోమలెక్కడ అంటే ఇంకెక్కడ, పాలాయన కొట్టం వెనక మురుగుగుంట. అక్కడికి పదిమందిమి వెళ్లాం.

పాలాయన గేదెకు నీళ్లు పెడుతూ వెనక్కి తిరక్కుండానే జవాబు చెప్పాడు. "నేను ఈ గుంట పక్కనే మంచం వేసుకుని పడుకుంటాను. నాకు జ్వరం లేదు. నన్ను వదిలేసి దోమ మీ గడపలు వెతుక్కుంటూ వచ్చిందా? నా పాలల్లో నీళ్లంటారు, నా మురుగులో జ్వరమంటారు. మొత్తానికి నాది ఏదీ శుభ్రంగా ఉన్నట్టు మీకు కనపడదు."

కొందరు నవ్వారు. అందరికంటే ముందు పార ఎత్తింది నేను. సాయంత్రం దాకా తవ్వి, గుంట పూడ్చడానికి మట్టి పోసి, మిగిలిన దాంట్లో కిరసనాయిలు చల్లాం. కంపు భరించలేకపోయాం. జ్వరం ఇక్కడిదేనని ఆ కంపుతోనే అందరికీ నమ్మకం కుదిరింది. నాకూ కుదిరింది. ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేశాను.

జూలై 18

గేజి చూశాను. రాసుకోవడం మరిచాను. నిన్నటంతే అయి ఉంటుంది.

జూలై 20

చెల్లెలు సంతకు వెళ్లిన పూట గోతిలో దిగాను. ఊళ్లో మురుగు తీసినవాళ్లం, మన పక్కన నీళ్లు కూడా శుభ్రంగా ఉంచుకోవాలి కదా. నీటి మీద పచ్చగా పరుచుకున్న ఆకు అంతా లాగేశాను. అంచుల వెంట నాచు గోకేశాను. నీళ్ల మీదికి వంగిన పొద నరికేశాను. నాచుతోపాటు చిట్టిచేపలు ఒడ్డున పడ్డాయి, కొంగలు దిగి ఏరుకున్నాయి.

మధ్యాహ్నానికి మట్టి దిగి నీళ్లు తేటపడ్డాయి. అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. ఎండ నేరుగా పడి మెరుస్తోంది. ఇక ఇక్కడ దోమకు నిలువ నీడ లేదు.

సంత నుంచి వచ్చి చెల్లెలు చాలాసేపు గోతి వంక చూసింది. నేను కిటికీలోంచి చూశాను. కుండ ముంచి, చేత్తో నీళ్లు తీసుకుని, వెలుగుకు పెట్టి చూసుకుంది. చాలా రోజుల తర్వాత హాయిగా భోంచేశాను.

జూలై 23

ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. భుజాన సంచి, చేతిలో పొడుగు కాడ ఉన్న తెల్ల గరిట. పిల్లలు వెంటపడి గరిటమ్మా గరిటమ్మా అంటున్నారు. వడ్డించడానికి ఏమీ లేదర్రా అంటూ నడుస్తోంది. ఇంటింటికీ వెళ్లి వేలు గుచ్చి నెత్తురు చుక్క తీసుకుంది. సాయంత్రానికి పిచిక రక్తంలో మలేరియా ఉందని తేలింది. మందులిచ్చి, జ్వరం తగ్గినా మానకుండా అన్నీ మింగించమని చెల్లెలికి మూడుసార్లు చెప్పింది. చెల్లెలు ఈ మందు తీసుకుంది. ప్రభుత్వం ఇచ్చేది తీసుకుంటుంది.

ఈ ఊరి నీళ్లన్నీ తెలిసినవాణ్ణి కదా అని గరిటమ్మ నన్ను వెంట రమ్మంది. నేను ముందు పాలాయన గుంటకే తీసుకెళ్లాను. మిగిలిన మురుగులో గరిట ముంచింది. పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి.

"ఇవి కుడతాయి బాబాయ్, నిద్ర పట్టనివ్వవు. కానీ ఈ జ్వరం వీటిది కాదు. ఆ దోమకి మురుగు నచ్చదు. తేటగా ఉండాలి, కదలకుండా ఉండాలి, కాస్త ఎండ పడాలి. మనం తాగడానికి ముంచుకునేలా ఉంటుంది."

పాలాయన వింటున్నాడు. గేదెల వంక చూసి, విన్నారా అమ్మా అన్నాడు.

తర్వాత ఇటుకలకు మట్టి తవ్విన గుంటలు చూశాం. గొడ్లు నడిచిన దారిలో గిట్టల పల్లాల్లో నిలిచిన వాననీళ్లు చూశాం. పొలం కాలువల అంచున గడ్డి పక్కకు తప్పించి చూశాం. ఎక్కడో ఒకటీ అరా. ఇంత జ్వరానికి ఇవి చాలవు, ఇంకెక్కడో పెద్దది ఉంది అంది.

గట్టు కింద ఏముంది అని అడిగింది.

మా చెల్లెలి మడి అన్నాను.

నీళ్లెక్కడివి అంది.

కుండతో మోసుకుంటుంది అన్నాను. అది నిజమే.

జూలై 24

గరిటమ్మ ఎక్కడ కావాలంటే అక్కడ వెతుక్కోనీ. నేను అబద్ధం చెప్పలేదు.

జూలై 25

ఎండ. గోతి వైపు వెళ్లలేదు.

జూలై 26

వెళ్లలేదు.

జూలై 27

పిచికకు జ్వరం తగ్గిపోయింది. మందు పని చేసింది. ఇక గొడవ లేదు. చక్రానికి ఎర్ర రంగు వేశాను, అవసరం లేకపోయినా.

ఆగస్టు 4

మా ఆవిడ దాచుకున్న తెల్ల పింగాణీ పళ్లెం తీసుకుని గోతి దగ్గరికి వెళ్లాను. చెల్లెలు మడిలో వంగి కలుపు తీస్తోంది. మొలకలు వేలెడెత్తు లేచాయి, వరసలు తీర్చి ఉన్నాయి. ఏంటి పళ్లెంతో వచ్చావు, ఇక్కడేం పెళ్లి భోజనాలు లేవే అంది. గులకరాళ్లు ఏరుకోవడానికి అన్నాను. ఎందుకు అని అడగలేదు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఎందుకు అని అడగరు.

పళ్లెం ముంచి, నిలకడగా పట్టుకుని చూశాను. నీటి మీద సన్నగా, అడ్డంగా, తవుడు పొట్టులాగా ఏవో. ఊదితే పక్కకు జరిగాయి.

పొట్టే అయి ఉంటుంది. గాలికి కొట్టుకొచ్చి ఉంటుంది.

ఆగస్టు 5

నూర్పిళ్లు లేవు ఈ కాలంలో. అయినా పొట్టే.

ఆగస్టు 7

వడ్రంగి భార్యకు జ్వరం. ఏడో నెల. గరిటమ్మ వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లింది. నా కిటికీ ముందు నుంచే వెళ్లారు. వడ్రంగి నన్ను చూసి తల ఊపాడు. నేనూ ఊపాను.

ఈ మూల కూరేస్తే గొయ్యి వారంలో ఎండిపోతుంది. మొలకలూ ఎండిపోతాయి. ఇప్పుడు మడి ఎండితే చెల్లెలికి ఈ కాలమంతా చేతిలో ఏమీ ఉండదు. మా ఇంటికి రాదు. మొగుడి దగ్గరికి పోతుందేమో. పోయి ఆ దెబ్బలు తింటుందేమో. కూరను.

ఆగస్టు 9

కూరాను. పొద్దున్నే, ఎవరూ లేవకముందు. చేతికి అంటిన మట్టి పోవడం లేదు.

ఆగస్టు 10

గేజి మూడడుగుల తొమ్మిది.

ఆగస్టు 12

చెల్లెలు మేముండే క్వార్టరుకు వచ్చింది. మూడేళ్లలో మొదటిసారి. లోపలికి రాలేదు, మెట్టు కిందే నిలబడింది. మా ఆవిడ లోపల గిన్నె తోముతూ ఆపేసింది.

"గట్టు ఊట ఆగిపోయింది," అంది చెల్లెలు. "మడి పోయేట్టుంది. పైన ఏమైనా కట్టారా?"

చూస్తాను అన్నాను.

"అన్నయ్యని అడగడం లేదు. లస్కరుగారిని అడుగుతున్నాను. కాలువ మీద ఉన్నది నువ్వే కదా."

అడిగింది. ఏ పేరుతో అయితేనేం, నన్ను అడిగింది. అది కిందికి దిగేదాకా ఆగి, వెళ్లి ఎడమ మూల పీచు పలుగుతో పొడిచి లాగేశాను. ధార పడే చప్పుడు వినపడింది. అక్కడే చాలాసేపు నిలబడ్డాను.

ఆగస్టు 13

గొయ్యి నిండుతోంది. చెల్లెలు కింద నుంచి చెయ్యి ఊపింది.

ఆగస్టు 14

దోమతెర ఒకటి కొనుక్కొచ్చి, ఆసుపత్రి వాళ్లు ఇచ్చారని పిచికతో పంపాను. దోమతెర ఉంటే చాలు. గరిటమ్మ కూడా అదే చెప్పింది. అదొక్కటే కాదు గానీ, అదీ చెప్పింది.

ఆగస్టు 18

వాన జల్లు. మడి పచ్చగా ఉంది. చెల్లెలు ఒక కట్ట కూర గట్టు మీద పెట్టి వెళ్లింది. ఇచ్చానని చెప్పలేదు, మరిచిపోయినట్టు పెట్టింది. మా ఆవిడ వండింది. ఇద్దరం తిన్నాం.

ఆగస్టు 23

పిచికకు మళ్లీ జ్వరం. ఈసారి విడిచి విడిచి కాదు, దిగడమే లేదు.

ఆగస్టు 24

మధ్యాహ్నం చెల్లెలి కేక. నేను తలుపు దగ్గర ఉన్నాను. దిగేసరికి పిల్ల కళ్లు తేలేసి కొట్టుకుంటోంది. ఒళ్లు నిప్పు. పాలాయన పాలడబ్బాలు రోడ్డు మీదే దింపేసి బండి తెచ్చాడు. మా ఆవిడ చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చి బండిలో ఎక్కి పిల్ల తల ఒళ్లో పెట్టుకుంది. చెల్లెలు దిగమనలేదు. దిగమనడానికి దానికి ఊపిరి లేదు.

పట్నం ఆసుపత్రిలో పడుకోబెట్టారు. ఇది ఇంకో రకం మలేరియా, మెదడుకు ఎక్కుతుంది, సమయానికి తెచ్చారు అన్నాడు డాక్టరు. సమయానికి.

ఆగస్టు 25

పిల్లకు తెలివి రాలేదు. చేతికి సూది, సీసా. నేను వరండాలో నడుస్తున్నాను. నర్సు రెండుసార్లు కూర్చోమంది. కూర్చున్నాను. లేచాను.

లోపల మా ఆవిడ ఫ్యాను తగ్గించింది. చెల్లెలు పెంచింది. మళ్లీ తగ్గించింది. "పిల్లకి ఉక్కపోస్తోంది," అంది చెల్లెలు. "చలి పట్టుకుంటుంది," అంది మా ఆవిడ. ఫ్యాను గురించి వాదించుకున్నారు. మూడేళ్ల తర్వాత వాళ్ల మధ్య మొదటి మాట అది.

ఆగస్టు 26

పొద్దున్నే కళ్లు తెరిచింది. నీళ్లు అడిగింది. మా ఆవిడ చెంచాతో పోసింది. నేను గోడ వైపు తిరిగాను.

తలుపు చూసుకోవాలి కదా అని బస్సెక్కి ఊరికి వచ్చాను. వస్తూనే గరిటమ్మ కోసం వెతికాను. పాలాయన దగ్గర కూర్చుని పాలు తాగుతోంది. ఆమెను రమ్మని ముందు నడిచాను. పాలాయన కూడా వెంట వచ్చాడు. రావద్దనలేదు.

గోతి అంచున నిలబడి గరిట ముంచింది. తీసి, వెలుగుకు పెట్టి, చాలాసేపు చూసింది. మళ్లీ ముంచింది. ఇంకోపక్క ముంచింది. ప్రతి గరిటలోనూ ఉన్నాయి. అడ్డంగా పడుకుని, నీటిపొర కిందే. తవుడు పొట్టులాగా.

"నెల్లాళ్లుగా దీన్నే వెతుకుతున్నాను," అంది. "ఇంత చక్కగా ఎవరు శుభ్రం చేశారు దీన్ని? నాచు ఉండి, చేపలుండి ఉంటే సగం అవే తినేసేవి."

నేనే అన్నాను. నీళ్లు కూడా నేనే వదులుతున్నాను అన్నాను. ఎడమ మూల సంగతి చెప్పాను. ఎందుకో చెప్పాను. ఇంత పొడుగు మాట ఈమధ్య ఎవరితోనూ మాట్లాడలేదు.

గరిటమ్మ కోప్పడుతుందనుకున్నాను. మొదట ఆమె కూడా మురుగే వెతికిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో అందరూ అంతేనట. గొయ్యి పూడ్చాలి, లేదా నీళ్లు వచ్చిన రోజునే ఇంకిపోయేట్టు చూడాలి, నిలిస్తేనే చేటు అంది. పాలాయన మాత్రం ఊరుకోలేదు.

"నా గుంట తవ్వినప్పుడు ముందు పార ఎత్తింది నువ్వేనా, ఇంకొకరా?"

నేనే అన్నాను.

"అదే. నాకు బాగా గుర్తుంది, అయినా ఒకసారి నీ నోటితో విందామని."

ఎడమ మూల కూరేశాను.

ఆగస్టు 27

పట్నం వెళ్లాను. పిల్ల నిద్రపోతోంది. చెల్లెల్ని వరండాలోకి పిలిచి చెప్పాను. అది బెంచీ మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, మొత్తం విన్నది.

"అంటే ఇన్నాళ్లూ నీ చేతి నీళ్లేనా నేను పోసుకున్నది?"

కాలువ నీళ్లు అన్నాను.

"తలుపు నీది."

లోపల ఎవరో దగ్గుతున్నారు.

"గరిటమ్మ నిన్ను అడిగిందా, నీళ్లెక్కడివని?"

అడిగింది అన్నాను.

"పిల్ల ఒళ్లు కాలిపోతుంటే చెప్పడానికి నోరు రాలేదా నీకు?"

"నీ మడి ఎండిపోతుందని."

"మడి ఎండితే మళ్లీ విత్తుతాను," అంది.

ఆ తర్వాత లోపలికి వెళ్లిపోయింది. తలుపు వేయలేదు, తెరిచే ఉంచింది, కానీ నేను లోపలికి వెళ్లలేకపోయాను. ఆఖరి బస్సుకు ఇంకా చాలా టైముంది. అయినా బస్టాండుకు వచ్చి కూర్చున్నాను.

ఆగస్టు 28

గేజి మూడడుగుల ఎనిమిది. మడి వాడిపోతోంది.

ఆగస్టు 30

మడి ఎండిపోయింది. చూడకూడదనుకుని కిటికీ మూశాను. కిటికీ రెక్క సందులోంచి చూశాను.

సెప్టెంబరు 1

పిల్లను ఇంటికి తెచ్చారు. చిక్కిపోయింది, కళ్లే ఉన్నాయి. మా ఇంటికా, రేకుల గదికా అని నేను ఆలోచిస్తుండగానే చెల్లెలు రేకుల గదికి నడిచింది. మా ఆవిడ దుప్పట్లు మోసుకుంటూ దాని వెనకే వెళ్లింది. చీకటి పడేదాకా రాలేదు. వచ్చాక అడిగితే, పిల్లకు జడ వేశాను అంది. అంతే చెప్పింది.

సెప్టెంబరు 3

గొయ్యి పూడ్చాం. నేను వెళ్లేసరికే చెల్లెలు మోకాలి లోతు మట్టి పోసి ఉంది. నా వైపు చూడలేదు. నేను రెండో పక్క నుంచి మొదలుపెట్టాను. వడ్రంగి వచ్చాడు. వాళ్లావిడ గండం గడిచింది, కడుపులో బిడ్డ బాగానే ఉందట. అతనికి సంగతంతా తెలుసు. చెమట కారుతుంటే మట్టి పోస్తూనే ఉన్నాడు. అతను ఏదో ఒకటి అంటే బాగుండేది.

మట్టి చాల్లేదు. పాలాయన రెండు బళ్లు తోలుకొచ్చాడు. నా కొట్టం వెనక మీరు పోసి వెళ్లిన మట్టే, అప్పటినుంచి గేదెలు మెట్టెక్కినట్టు ఎక్కుతున్నాయి, మీది మీరే ఉంచుకోండి అన్నాడు. గరిటమ్మ గరిట పక్కన పెట్టి తట్ట ఎత్తింది.

సాయంత్రానికి నేల సమం అయింది. చెల్లెలు దాని మీద అటూ ఇటూ తొక్కి చూసింది. కూరిన మూల నుంచి ఇక చుక్క రాదు. నీకు నీళ్లు ఎలా అని అడగడానికి నోరు తెరిచాను. పార కడుక్కుని వెళ్లిపోయింది.

సెప్టెంబరు 5

పొద్దున బస్సులో చెల్లెలు ఎక్కడికో వెళ్లింది. మంచి చీర కట్టుకుంది. పిల్లను మా ఆవిడ దగ్గర వదిలింది. ఎక్కడికని మా ఆవిడను అడిగాను. తెలియదంది. తెలుసు, చెప్పదు.

మొగుడి దగ్గరికేనా. పెట్టె తీసుకెళ్లలేదు. పిల్లను వదిలి ఎందుకు వెళుతుంది. రాజీకి మాట్లాడటానికి ముందు ఒక్కతే వెళ్లిందేమో. నేను నీళ్లు ఆపబట్టే కదా. బస్సు వచ్చే వేళకు స్టాపులో నిలబడ్డాను. దిగింది. నన్ను చూసి, నీకేం పని ఇక్కడ అంది. ఊరికే అన్నాను.

సెప్టెంబరు 6

అడగలేదు.

సెప్టెంబరు 8

ఆఫీసు నుంచి ఫోను. ఇంజనీరుగారే మాట్లాడారు. మీ తూము కింద ఒక కొత్త వంతు రాసుకోండి అన్నారు. గట్టు కింద మడి, సొంతదారు ఫలానా అని చెల్లెలి పేరు చెప్పారు. ఆవిడ ఆఫీసుకు వచ్చి గంటసేపు నిలబడిందట. పై పొలాలవాళ్లకు ఉన్నట్టే నా మడికీ గొట్టం కావాలి, నీళ్ల పన్ను నేనూ కడతాను అందట. మీ అన్న అక్కడే లస్కరు కదా, ఆయన్ని అడిగితే సరిపోదా అని ఇంజనీరుగారు అంటే ఒప్పుకోలేదట.

"ఆవిడ ఏమందో తెలుసా? నాకు దానం వద్దు సార్, వంతు కావాలి అంది. అప్పుడే కాగితం మీద సంతకం పెట్టేశానయ్యా."

సోమవారం, గురువారం, పొద్దున పూట. నీళ్లు మడిలోకి నేరుగా వెళ్లాలి, ఎక్కడా నిలవకూడదు, సాయంత్రానికి ఇంకిపోవాలి. ఆఖరి మాటలు గరిటమ్మ రాయించి ఉంటుంది.

ఫోను పెట్టేసి తూము దాకా నడిచాను. అక్కడ పనేమీ లేదు. వెనక్కి వచ్చాను.

సెప్టెంబరు 10

పెద్దకాలువ నుంచి మడికి గొట్టం పెట్టడానికి ఆఫీసు మనుషులు వచ్చారు. నేను వాటం చూశాను. ఒకచోట పల్లం వచ్చి నీళ్లు నిలిచేట్టుంటే తీయించి మళ్లీ పెట్టించాను. వాళ్లు విసుక్కున్నారు. విసుక్కోనీ. చెల్లెలు మడి దున్నుకుంటోంది. పిచిక గొట్టంలో నోరు పెట్టి అరిచి, అటు చివర చెవి పెట్టడానికి పరిగెత్తింది. దాని గొంతు దానికి దొరకలేదు. మళ్లీ మళ్లీ ప్రయత్నించింది.

సెప్టెంబరు 13

రేపు సోమవారం. వంతుదారు తూము దగ్గరికి వచ్చి అడిగితేనే గొట్టం మూత తీయాలి, అది కాలువ పద్ధతి. పై పొలాలవాళ్లు పార భుజాన వేసుకుని వచ్చి, వంతు వచ్చిందండీ అంటారు. నేను తీస్తాను. అందరికీ అంతే.

చెల్లెలు వస్తుందా? ఎవరినైనా పంపుతుందేమో. పాలాయనను పంపుతుందేమో. రాకూడదనుకుంటే రాకపోవచ్చు, వాన పడుతుందేమో కూడా. మబ్బుగా ఉంది. వాన పడితే రావలసిన పని ఉండదు. వాన పడకూడదు.

సెప్టెంబరు 14

ఎండ. మబ్బు విడిపోయింది. మూత తాళానికి నూనె వేశాను. తిరుగుతోంది. రెండుసార్లు చూశాను.

ఎనిమిదికి వంతు. ఇంకా పావుగంట ఉంది. మా ఆవిడ పొద్దుటినుంచి ఊడ్చిన గుమ్మమే ఊడుస్తోంది. అటు వైపు చూడొద్దు, పని చేసుకో అని నాకు చెప్పి తను చూస్తోంది.

గట్టు మీద పార భుజాన వేసుకుని చెల్లెలు. వెనక పిచిక, చెప్పులు చేత్తో పట్టుకుని, నెమ్మదిగా, ఇదివరకటిలా కాదు గానీ నడుస్తోంది. పావుగంట ముందే వచ్చేసింది. గేజి ఇంకా రాసుకోలేదు, వంతు వచ్చిందండీ అని పిలుస్తోంది.